లకుముకి పిట్ట ఏ ఫిల్ములో పడింది

“అమ్మమ్మా, తాతయ్య తీసిన లకుముకి పిట్ట స్లైడు ఫ్రేము విప్పి స్కాన్ చేయిస్తాను. ఆయన పేరుతో ప్రదర్శనకి పంపుదాం. ఇంతకీ పిట్టలకి ఏ ఫిల్ము మంచిది?”

ఓలమ్మా, విప్పకు! ఆగవే గుంటా, అక్కడ పెట్టు. ఏ ఫిల్ము, ఏ ఫిల్ము... పెళ్లయి సముద్రం దాటి ఈ షాదీపూర్ వచ్చిన కాడ్నుంచీ ఇదే గోల. విని విని చెవులు చిల్లులు పడిపోయేయి.

మీ తాతయ్యా, పక్కింటి సలీం భయ్యా చాతం రంపం మిల్లులో ఒకే షిఫ్టు. సెలవొస్తే చాలు, కెమెరాలు మెళ్లో ఏసుకుని మడ అడవుల్లోకి పోయీవోరు. ఈయనది నెమ్మది ఫిల్ము. మత్లబ్, దానికి బోల్డంత ఎండ కావాలి, రంగు మాత్రం కడిగినట్టు వస్తాదంట. భయ్యాది జోరు ఫిల్ము. నీడలో కూడా పిట్ట పడతాది, కాకపోతే బొమ్మంతా బొంబాయి రవ్వ జల్లినట్టుంటాది. నాది గొప్పంటే నాది గొప్పని నా వంటింట్లో కూచుని కొట్టుకోడం. ఫ్రిజ్జులో పాలకి చోటుండేది కాదు, అన్నీ ఫిల్ము డబ్బాలే! ఒక్క రీలు డబ్బుల్తో వారం చేపలొచ్చేవి... వారమా? పది రోజులొచ్చేవేమో. సరే, ఛోడో.

పందెం ఏసుకున్నారు. ఒకే కొమ్మ, ఒకే పిట్ట, పక్కపక్కనే కూచుని తీసేరు. కడిగించడానికి ఓడలో మద్రాసు పంపేరు. నెలన్నరకి ఇద్దరివీ కలిపి మా ఇంటికే వచ్చేయి. అప్పటికి వానలు. ఇక్కడ వానలొస్తే చెప్పులకే బూజు పడతాది, స్లైడులెంత? పాడైపోతాయి కదాని, నన్నెవరు చెయ్యమన్నారు చెప్పు, పేర్లు రాసున్న అట్ట ఫ్రేముల్లోంచి తీసి తుడిచి, చేటలో వడియాల్లాగ ఆరబెట్టేను. గాలొచ్చి కలిసిపోయేయి. అన్నిట్లోనూ ఆ పిట్టే! ఏది ఎవరిదో చూడకుండా ఫ్రేముల్లో దూర్చీసేను.

ఆ సాయంత్రం గోడకి దుప్పటి కట్టి ప్రొజెక్టరేసేరు. భయ్యా పేరున్న బొమ్మ చెదిరిపోయింది. రెండోది... అబ్బ! ముక్కున చేప, నీలం రెక్క, ఒక్కో ఈకా కనపడతాంది. ఆ ఫ్రేము మీద మీ తాతయ్య పేరుంది. ఈయన గెంతులు చూడాలి. “అరే భాయ్, అది నేను తీసింది. రవ్వ చూడు,” అన్నాడు భయ్యా. “రవ్వ కాదు, బూజు. దొంగా!” అన్నారు ఈయన. ప్రాణస్నేహితుణ్ణి పట్టుకుని దొంగా అన్నారే! భయ్యా చెప్పులేసుకుని వెళ్లిపోయేడు. అంతే, మళ్లీ మా గడప తొక్కలేదు.

మర్నాడు నేను విప్పి చూసేను. ఫిల్ము అంచు మీద అది ఏ రకమో అచ్చేసుంటాది కదా, భయ్యా ఫిల్ము అంకెలే ఉన్నాయి. అవును మరి, మడ చెట్ల నీడలో ఈయన ఫిల్ముకి ఎండేదీ? చెదిరిపోక ఏటవుతాది? మళ్లీ మూసీసేను. ఆయన అంత సంబరపడ్డం నేనెప్పుడూ చూళ్లేదు మరి. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ మీ అమ్మ పెళ్లి కూడా చేసీసేను.

ఇప్పుడు ఇద్దరికీ కళ్లల్లో శుక్లాలు. ఎదురుపడితే పోల్చుకోలేరు, గొంతు వినపడితే మాత్రం మొహం తిప్పీసుకుంటారు. ఏం మనుషులే బాబూ! వాళ్లననీసి ఏం లాభం, నన్ననాలి. ఆ మాట పడాల్సింది నేను, పడింది ఆ మనిషి.

పంపు, ప్రదర్శనకి పంపు. సలీం భయ్యా పేరు రాసి పంపు. ఉండు, ముందు మీ తాతయ్యని పిలు. తిట్టనీ, పడతాను. తర్వాత నా చెయ్యి పట్టుకుని భయ్యా గుమ్మం దాకా తీసుకెళ్లు, మెట్లు దిగలేను. నువ్వు చల్లగుండాలి తల్లీ, నాలాగ నోరు కుట్టుకుని బతక్కు... ఊఁ, పిలవ్వే. మళ్లీ ధైర్యం పోతాది నాకు.