గేటు దగ్గరి మాట

డబ్బింగ్ గది. మైకు ముందు పదమూడేళ్ళ పిల్ల, పక్కన సినిమా తీసిన అక్క. అద్దం అవతల సౌండు బాబాయి.

"ఇంకోసారి వెయ్యనా?"

"ఆగండి బాబాయ్. ఏమే కొంగా, నోరు పెగలట్లేదా?"

"నీళ్ళు తాగొస్తానక్కా."

"ఇప్పటికి నాలుగుసార్లు తాగావు. రా ఇటు."

"ఇది కాకుండా... ఆ సైకిలు సీను చెప్పనా? అది బాగా చెప్తాను."

"అన్నీ అయిపోయాయి తల్లీ. గేటు దగ్గర అమ్మతో అనే ఈ ఒక్కటే మిగిలింది. 'నువ్విక రాకమ్మా, నువ్వొస్తే నాకు సిగ్గేస్తుంది.' అంతే. ఇలా అని అలా వెళ్ళిపోవచ్చు."

"షూటింగులో చెప్పాను కదా. అదే పెట్టెయ్యండి బాబాయ్."

"అది పనికొస్తే నీ ప్రాణం ఎందుకు తీస్తాను? ఇదిగో, విను... గరగర తప్ప ఏమైనా వినపడిందా? మైకు నీ కాలరు లోపల పెట్టాను. నువ్వేమో మెడ వంచేసి, భుజాలు ముడుచుకుని ముద్దయిపోయావు. గుడ్డంతా మైక్కి రాసుకుంది."

"సారీ బాబాయ్."

"సారీ ఎందుకే పిచ్చిదానా! అలా ముడుచుకుంటావనేగా మీ అక్క నిన్ను ఏరికోరి తెచ్చుకుంది."

"బాబాయ్! కాసేపు ఊరుకుంటారా?"

"నిజమేగా అక్కా. క్లాసులో కూడా నన్ను ముడుచుకున్న కొంగ అంటారు. మరి... ఆ సీన్లో మా అమ్మ మాట బాగా వచ్చిందా?"

"మీ అమ్మ మాటా? గంట కొట్టినట్టుంది. ఉండు, వేస్తాను..."

"వద్దు! వద్దు బాబాయ్, వెయ్యకండి! వద్దు!"

"సరే సరే, వెయ్యరు. ఇలా చూడు. ఏడవకు. నీకంత కష్టమైతే సీనే తీసేస్తాను. ఎల్లుండికి సినిమా పంపాలి, నాకూ వేరే దారి లేదు."

"తీసేస్తే అమ్మ ఇంకెక్కడుంటుంది?"

"అంటే..."

"సినిమాలో అక్కా. ఇంకే సీన్లో ఉంది అమ్మ?"

"లేదమ్మా. ఆ ఒక్కటే తీశాం. ఆ తర్వాత మంచం పట్టారుగా."

"అయితే తియ్యొద్దు."

"అయితే నువ్వు చెప్పాలి."

"వేరేవాళ్ళతో చెప్పించు."

"నీ పెదాల మీద ఇంకొకళ్ళ గొంతు అతకదే."

"అమ్మ పోయి రెండు నెలలు కాలేదక్కా! ఇప్పుడెవర్ని రావద్దనాలి?"

"నటనేగా తల్లీ. నేను రాసిన మాటేగా."

"నువ్వు రాసింది కాదు. నేనన్నదే. ఆరో క్లాసులో, కొత్త స్కూలు గేటు దగ్గర. అందరి ముందూ జడ సరిచేస్తోందని చెయ్యి విదిలించుకుని అచ్చం ఇదే మాటన్నాను. నీ కాగితంలో మళ్ళీ అదే కనిపించింది. అందుకే షూటింగులో తలెత్తలేకపోయాను. అమ్మకి గుర్తుందో, మర్చిపోయిందోనని..."

"గుర్తుంది."

"నీకెలా తెలుసు?"

"ఆవిడే చెప్పారు. కథ రాసుకుంటూ, మీ పిల్ల గురించి ఏదైనా చెప్పండని అడిగాను. మొట్టమొదట చెప్పింది అదే."

"ఏడ్చిందా?"

"లేదే."

"అబద్ధం. నా కోసం చెప్తున్నావు."

"నీ మీదొట్టు. ఏడవడం కాదు, మురిసిపోయారు. 'నా చెయ్యి వదిలి అడుగేసేది కాదండీ మా పిల్ల. ఆ రోజు ఒక్కతే గేటు దాటి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఎంత ధైర్యం వచ్చిందో' అని. షూటింగులో టీ ఇచ్చేవాళ్ళ దగ్గర్నించి అందరికీ చెప్పుకున్నారు."

"ధైర్యమా?"

"అదే మాట."

"అలాగే అనుకుందా అమ్మ? ఇన్నాళ్ళూ?"

"పోయేదాకా అలాగే అనుకున్నారు."

"బాబాయ్, వెయ్యండి. చెప్తాను."

"శభాష్! మా తల్లే. ఏమిటే, మళ్ళీ ఏమైంది?"

"ధైర్యం కాదక్కా. తిరిగి చూస్తే పరుగెత్తుకుంటూ అమ్మ దగ్గరికి వచ్చేసేదాన్ని. అందుకే చూడలేదు. ఆ సంగతి అమ్మకి చెప్పనేలేదు."