రెప్ప చేసిన నిర్వాకం

హలో… హలో… ఆఁ, నేనే. మీ బావని. గోపాలాన్ని. భిలాయి నుంచి…

పెట్టీకు! బలరాం, ఫోన్ పెట్టీకురా. ట్రంకాల్ బుక్ చేసి పొద్దున్నించీ పోస్టాఫీసు బెంచీ మీద కూర్చున్నాను. నా వెనక ఇంకా ఏడుగురున్నారు.

మణి ఏదీ?… మీ అక్కని ఓసారి పిలూ… మాట్లాడనందా? సరే. నువ్వే విను. విని దానికి చెప్పు.

నేను మీనాక్షి గారికి కన్ను కొట్టలేదు.

… నవ్వకు… లేదురా. రెప్ప పడింది. దానంతటదే పడింది.

ఆఁ, ఎదురు క్వార్టరావిడే. మీ అక్క పెట్టె సర్దుకుని పార్వతీపురం వచ్చీసింది ఆవిడ మూలానే కదేటి… సరే, ఆవిడ మూలాన కాదు, నా మూలాన… నా మూలాన కూడా కాదురా, నా ఎడమకన్ను మూలాన!

ఏటి?… పొద్దున్న దాన్ని చూసేటప్పుడు రెండు కళ్లూ శుభ్రంగా ఉంటాయి, సాయంత్రం మీనాక్షి గారు కుళాయి దగ్గరకొస్తేనే ఒకటి పడతాదందా?… నిజమే. అక్షరాలా నిజం. అదేరా జబ్బు! పొద్దున్న బాగుంటాది. వాడినకొద్దీ అలిసిపోతాది. ఆ వేళకి అప్పయమ్మొచ్చినా పడతాది… మా వీధిలో కూరలమ్ముతాది. డెబ్బయ్యేళ్లు. రోజూ రెండు వంకాయలు ఊరికే వేసేస్తోంది. ఎందుకేటో అనుకున్నాను ఇన్నాళ్లూ.

— భయ్యా, బస్ దో మినిట్. ఘర్ కా మామ్‌లా హై. — నిన్ను కాదు, వెనకాయన్ని ఆగమన్నాను.

కన్ను పడ్డంతో ఆగితే బాగుణ్ను. ఆమధ్య ప్లాంటులో క్రేను మీదున్నాను. కింద పట్టాల కట్ట ఒకటే ఉంది. నాకు రెండు కనిపించాయి. ఫోర్‌మన్లూ ఇద్దరే. ఒక్కడితోనే వేగలేకపోతున్నాం… ఆపీశాను. నేనే ఆపి, నేనే కిందకి దిగి, నాకన్నీ రెండ్రెండు కనిపిస్తున్నాయని చెప్పాను. తాగొచ్చేవా అన్నాడు ఫోర్‌మను. మొహం మీద ఊది చూపించాను.

అప్పుడు పంపించాడు ఆసుపత్రికి. కుసుమ గారని కొత్త డాక్టరమ్మ. కప్పుకేసి చూస్తూ ఉండు, కళ్లు దించకు అంది. చూస్తున్నాను… చూస్తున్నాను… ఎడమరెప్ప మెల్లిగా దిగిపోయింది. ఇంజెక్షనిచ్చి పావుగంట కూర్చోబెట్టింది. బలరాం, రెప్ప లేచిందిరా! రెండు కళ్లతో ఒకే డాక్టరమ్మని చూశాను… కాదు, తర్వాత మళ్లీ పడిపోయింది. అది జబ్బు తేల్చుకోడానికిచ్చింది.

పేరా? మయస్… మయస్థీనియా. ఆ పేరు పలికేసరికే దవడ అలిసిపోతోంది.

ఎందుకొచ్చిందంటే… ఇది జాగర్తగా విను, మీ అక్కకి తప్పుగా చెప్పీవు. ఒంట్లో కాపలావాళ్లుంటారు. తెల్లకణాలు. క్రిములొస్తే కొట్టేవి. ఎముకల మజ్జలో పుడతాయి. పుట్టగానే డ్యూటీ ఇవ్వరు. ముందు ట్రైనింగు. ఇక్కడ, రొమ్ము ఎముక వెనక, థైమస్ అని ఒక గ్రంథుంది. అదే వాటికి బడి. ప్లాంటు గేటు దగ్గర కొత్త గార్డుకి చూపిస్తారు చూడు, ఈయన మనవాడు, ఈయన్నాపకు అని… అలగే ఒంట్లో ఉన్న సరుకంతా కొంచెం కొంచెం అక్కడ చూపిస్తారట. మనవాళ్ల మీద చెయ్యెత్తినోడు ఫెయిలు.

… ఇంటికి పంపడం కాదురా. అక్కడికక్కడే చచ్చిపోతాడు. అసలెవర్నీ గుర్తుపట్టలేనోడూ అంతే. వందమంది చేరితే పాసయ్యేది ఇద్దరో ముగ్గురో… ఆఁ, దానికంటే మన మెట్రిక్ నయం. ఈమధ్యనే ఎలకల్లో చూసి తేల్చారట, డాక్టరమ్మ కొత్త పుస్తకాలు చదువుతాది.

నా బడి పాడైపోయింది. ఈ వయసుకి ఎండి కొవ్వయిపోవాలి. నాది ఉబ్బి కూర్చుంది. ఫెయిలవ్వాల్సినోళ్లు బయటికొచ్చీశారు. వాళ్లు ఉసిగొలిపితే ఒంట్లో తయారైన సరుకేదో, నరం కండకి కబురందించే చోట అడ్డం పడిపోయింది. లే అని మెదడు చెప్తాది. రెప్పకి వినబడదు.

… ఆఁ, అంతే. ఇంట్లో మనిషినే పరాయోడనుకుని మీద పడిపోడం… మీ అక్కలాగా?… ఒరే, ఆ మాట నువ్వన్నావు. నేనన్లేదు.

మాత్రలిచ్చారు. వేసుకుంటే మూడు నాలుగ్గంటలు కన్ను మాట వింటాది. కానీ ఇప్పుడు సాయంత్రానికి అన్నం కూడా గొంతు దిగడంలేదు. అందుకని… ఆ బడిని తీసేస్తారట. మంగళవారం ఆపరేషను. నాగపూర్ నుంచి పెద్ద డాక్టరొస్తున్నాడు.

… తీసేస్తే మరి కాపలా ఎవరా? నేనూ అదే అడిగాను. చిన్నప్పుడు పాసైనవాళ్లు ఇంకా డ్యూటీలోనే ఉన్నారట. వాళ్లు చాలట. జబ్బు మాత్రం ఎంటనే తగ్గదు. నెలలు పడతాది. ఏడాదైనా పట్టొచ్చు.

— హాఁ జీ, ఎక్స్‌టెన్షన్. ఔర్ తీన్ మినిట్. — ఆపరేటర్ని ఇంకో మూడు నిమిషాలడిగాను. ఉన్నావా?

ఎక్కడ కోస్తారా?… ఛాతీ మీద. మధ్యలో. ఎముక కోసి… చిన్న పనేనన్నారు.

… బలరాం? ఏటి పలకవు?… లైనుంది. ఊపిరి వినబడుతోంది.

సరే విను. అక్కకి చిన్న ఆపరేషనని చెప్పు. ఫారం మీద సంతకానికి మనిషి కావాలట, అందుకు రమ్మన్నానని చెప్పు… నిజానికి సంతకం మా ఫోర్‌మనే పెడతానన్నాడు. అది కాదురా. నాకు భయంగా ఉంది. గడ్డం గీసుకుంటూ అద్దం ముందు నిలబడి ఆ ఎముక మీద వేలు పెట్టి చూసుకున్నాను, ఇక్కణ్ణించి ఇక్కడిదాకా అని. గుండె వేలికి కొట్టుకుంటోంది. మణి లేకుండా నేనా బల్ల ఎక్కలేను. కళ్లు తెరిచేసరికి దాని మొహమే కనబడాలి. ఇద్దరు మణులు కనబడినా ఫర్వాలేదు. ఇద్దరూ తిట్టినా సరే.

ఇదంతా దానికి చెప్పకు, పరువు పోతాది… బలరాం?

…

మణీ?

… ఎప్పట్నించి ఫోను నీ చేతిలో ఉంది?… ఛాతీ అన్నప్పట్నించా?… అంతకుముందూ వాడి పక్కనే చెవి పెట్టి విన్నావా!… మీ అక్కలాగా అన్నది వాడే! నేనన్లేదు, ఒట్టు!

… ఆఁ… మంగళవారమే… ఆఁ…

నాదీ తప్పేలే. ఇంట్లో ఉండగానే చూపించుకోవాల్సింది… లేదు, ఒక్కణ్ణే. ఒక్కణ్ణే వెళ్లాను ఆసుపత్రికి…

రేపటి రాయపూర్ బండికా?… నిజంగా?… వద్దొద్దు, స్టేషనుకి నేనొస్తాను… రావద్దా? రాను. పడుకునే ఉంటాను. జావ తాగుతాను. మాత్ర టైముకి వేసుకుంటాను…

గొంతుకేటి? ఏం లేదు… కాదు మణీ, జబ్బు కాదు. మాత్ర వేసుకునే వచ్చాను. రెండు కళ్లూ తెరుచుకునే ఉన్నాయి… ఏడుస్తున్నాను… ఆఁ, పోస్టాఫీసులోనే. అందరి ముందరా. ఏం చెయ్యను?

హలో?… మణీ?… హలో?…

— లీజియే భయ్యా, హో గయా… నై నై, సబ్ ఠీక్ హై. ఆ రహీ హై. మా మణి వచ్చీస్తోంది… కల్ ఆ రహీ హై!