ఖాజాబీ గారి చెంచా

కూర్చోవమ్మా గీతాంజలీ, ఆ గిన్నె కాసేపు పక్కన పెట్టు, జావ చల్లారితే కొంపేం మునగదులే. పొద్దున అడిగావు కదా, గోడ మీద ఆ ఫొటో ఎవరిదని? ఖాజాబీ గారు. ఈ ఆశ్రమం ఆవిడ పెట్టిందే. అప్పట్లో ఇది పత్తి గోడౌను. వాళ్ళాయన పోయాక దీన్ని అమ్ముకోకుండా, మాలాంటి నరాల జబ్బోళ్ళకి మంచాలు వేయించింది. మందు లేని జబ్బు, చూసే దిక్కు లేదు అంటే చాలు, తెచ్చి పడుకోబెట్టేది. నోరు మాత్రం పెద్దది. చిలకలూరిపేటలో ఆవిడ చేత తిట్లు తినని లారీ డ్రైవరు లేడు, సరే, అది వేరే కథ.

మా దానయ్య అన్నయ్య సంగతి కదా చెప్పాలి. ఈ జబ్బు ముందు ఆయనకే వచ్చింది, నాకు తర్వాత. ఇద్దరం గుంటూరు మిర్చియార్డులో కాయ కొనేవాళ్ళం. ఇక్కడికి తెచ్చేసరికి ఆయనకి చేతులు పోయాయి, మాట పోయింది. మింగుడు బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. అయినా చెంచా పెదాలకి తగిలితే చాలు, నోరు బిగించేసేవాడు. మెత్తగా పప్పన్నం, ఊహూఁ. పాయసం, ఊహూఁ. ఖాజాబీ గారు బతిమాలింది, కసిరింది, "ఏంది దానయ్యా, నా చేతి కూడు అంత చేదా?" అంది. ఇక పోదామనే నోరు మూసుకున్నాడని నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "పోదామనుకునేవాడి కళ్ళు ఇట్టా ఉండవయ్యా, ఇంకేదో ఉంది" అని ఒకటే ధ్యాస.

ఇంతలో మిర్చి సీజను వచ్చింది. ఏడాది కారానికి కాయలు తెప్పించి, అన్నయ్య మంచం పక్కనే కూర్చుని తొడిమలు తీస్తోంది. తీస్తూ తీస్తూ ఒక కాయ విరిచి వాసన చూసింది. అన్నయ్య కళ్ళు ఆ కాయ వెంటే ఆవిడ ముక్కు దాకా పోయాయి. ఏందబ్బా ఇదని, ఆ కాయ తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. తుమ్మాడు. తుమ్మి, నోరు తెరిచాడు. అప్పుడు నన్ను పట్టుకుంది, మీ అన్న ఇంట్లో ఎట్టా తినేవాడని. ఎట్టా ఏముంది, యార్డులో పని కదా, కాయ విరవడం, వాసన చూడడం, ఆ అలవాటుతో ఇంట్లో ఏం తిన్నా ముందు ముక్కుకి చేరాల్సిందే. మంచినీళ్ళు కూడా అంతే. నేనేమన్నా విషం కలిపానా అని మా వదిన తిట్టిపోసేది. ఇక్కడేమో అన్నీ రుబ్బి, అదేదో తెలియకుండా నోట్లో పెట్టేస్తిమి. ఎత్తుకుని వాసన చూసుకుందామంటే ఆయనకి చేతులు లేవవాయె.

ఆ మధ్యాహ్నం అదే పప్పన్నం, ముక్కు దగ్గర ఓ క్షణం ఆపింది. గిన్నె ఖాళీ. ఆ తర్వాత ఐదేళ్ళు బతికాడమ్మా మా అన్నయ్య. అప్పట్నుంచీ ఎవరికి పెట్టినా చెంచా ముందు ముక్కు దగ్గర ఆగాలని ఇక్కడ రూలు. ఆవిడ పోయాక ఎవరికి గుర్తుంటుంది, మీకా బోలెడు పనులు. నేనూ ఆ యార్డులోవాణ్ణే కదా, నాకూ అదే అలవాటు. ఇవాళ నాలుక తిరుగుతోంది, ఆగమని నేనే అడుగుతాను. రేపు నేనూ నోరు బిగించానే అనుకో, పోదామనుకుంటున్నాడని అనుకోకు. నాకదే భయం. నలుగురికీ చెప్పు, ఊఁ? సరే, తే ఆ జావ. ఆగాగు... ఆఁ. అల్లం వేశారు.