చెరువు గట్టు మీద అరెస్టు

హలో… ఆ, నేనేరా వెంకట్రాజూ, నాగదుర్గక్కని. ఆ గుసగుసలేంటి? గట్టిగా మాట్లాడు—

ఏంటీ, అరెస్టయ్యావా? … ఎక్కడ? … మన చెరువు గట్టు మీద షెడ్డులోనా! మరి సంకెళ్ళేవిరా?

ఆ, నీ పెళ్ళాం ఉషశ్రీ చెప్పింది. పొద్దున్నుంచి గడియేసుకుని వీడియో కాల్లో పోలీసు ముందు కూర్చున్నావంట. తను తలుపు బాదినా తియ్యట్లేదంట. చేపలకి మేత కూడా వెయ్యలేదంటగా… మీ బావగార్ని పంపించాను. ముదినేపల్లి నుంచి బండి మీద బయల్దేరారు. ఈలోగా నా మాట విను.

ఏం కేసు? … పార్శిల్లో మత్తుమందా? నీ పేరు మీదా? … ఒరేయ్, నువ్వు జన్మలో పార్శిల్ కట్టావా? ఏలూరులో పిల్లకి పచ్చడి పంపమంటే బస్సు డ్రైవరు చేతిలో పెట్టేవాడివి!

ఆధార్ నంబరు చెప్పాడా? … అయితే ఏంటంట? జిరాక్సు షాపుల్లో అందరికీ తెలుసది.

ఎవరితోనూ మాట్లాడొద్దన్నాడా? … నాతో మాట్లాడుతున్న ఈ చిన్న ఫోను ఆ కెమెరాకి కనబడుతుందా? అయితే స్పీకర్లో పెట్టి బల్ల కింద పడెయ్… వాడికి వినబడితే వినబడనీ!

ఏవండీ సారూ, నమస్కారమండీ. చేపలకి ఆకలేస్తోందండీ. ఓ గంట బెయిలివ్వండి, మా వాడు మేతేసొచ్చి మళ్ళీ అరెస్టవుతాడు…

ఏడవకురా. నీ చెరువులో ఏముందో అడిగాడా? … బ్యాంకులో ఎంతుందో అడిగాడా? … చూశావా! మన గట్టెక్కినవాళ్ళని చేప చేతికివ్వకుండా ఎప్పుడైనా పంపామా? ఎంత ఆఫీసరైనా ముందు చెరువు చూసి, తర్వాత నీ మొహం చూస్తాడు. వీడికి చేపే అక్కర్లేదు. వీడు పోలీసేంట్రా, నా మొహం! పోలీసులు ఫోన్లో అరెస్టు చెయ్యరు. డబ్బు పంపమని అడగరు—

పరీక్ష చేసి తిరిగిస్తారా? ఎంతంట? … తొమ్మిది లక్షలా! మొన్న చేపల పట్టుబడికొచ్చిన డబ్బు మొత్తమా! … రేపు చేపపిల్లలకేం పెడతావు, మేతకేం పెడతావు? … నొక్కకు. నీకు దణ్ణం పెడతాను, వేలు తియ్యి—

ఐదో క్లాసు చదివినదాన్ని, నాకేం తెలుసంటావా? …

తెలుసురా.

నిరుడు నా గొలుసు చెరువులో పడిపోయిందన్నానా… ఆ, అదే. నువ్వూ మీ బావగారూ రెండు రోజులు వల లాగారే. మునిగి మునిగి జ్వరం కూడా తెచ్చుకున్నావే… అది చెరువులో పళ్ళేదురా.

… ఇలాంటోడికే. నాకు దొరికినవాడికి భుజం మీద మూడు నక్షత్రాలు కూడా ఉన్నాయి. గొలుసు తాకట్టు పెట్టి డబ్బు పంపించాను. చెప్పుకోడానికి సిగ్గేసి, గట్టు మీద నిలబడి “ఇక్కడే, ఇక్కడే” అని చూపించాను. మీరు వెతుకుతుంటే ఏడుపొచ్చేసింది. గొలుసు కోసమనుకున్నారు మీరు…

ఆఁ? … కట్ చేసేశావా? నిజంగా? … హమ్మయ్య. నా తండ్రే. ముందు సైబర్ పోలీసుల నంబరు పంతొమ్మిది ముప్పైకి ఫోన్ చేసి కంప్లైంటివ్వు, తర్వాత మేతెయ్యి.

… నవ్వకు వెధవా! మీ బావగారికి మాత్రం చెప్పకు. ఆ వల లాగుడికి నడుం పట్టేసి నెల్రోజులు మంచం దిగలేదాయన—

ఏంటీ, వచ్చేశారా? … ఎంతసేపైంది? … గొలుసన్నప్పుడే కిటికీ దగ్గరున్నారా! స్పీకర్ తియ్యలేదట్రా నువ్వు!

… ఏవండీ… మీరేనా? …

నడుం ఎలా ఉందండీ? …

హలో… హలో?