తడిసిన తవుడు

“తవుడంటే పశువుల ముందు పోసేదే అనుకునే రోజుల్లో, దాంతో చేపల్ని పెంచి చూపించిన మొనగాణ్ణి నేను!” అన్నాడు తవుడు మేస్త్రీ, టీ గ్లాసు పైకెత్తి.

రైసుమిల్లులో జల్లెడ దగ్గర ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. జుట్టు, కనుబొమలు, చొక్కా, అన్నీ తవుడు రంగే. గేటుకెదురుగా చెల్లెలు నడిపే టీకొట్టు బల్లమీద కూలబడ్డాడంటే ఇక నోటికి తాళం పడదు. ఆ మధ్యాహ్నం వినేవాళ్ళు ముగ్గురు. లారీ డ్రైవరు, వలలు అల్లే పెద్దాయన, ఈమధ్యే చెరువు కౌలుకు తీసుకున్న ఒకావిడ. చెల్లెలు పొయ్యి దగ్గరుంది. ఈ కథ ఎత్తుకున్నప్పుడు మాత్రం మేస్త్రీ ఆమె వైపు చూడడు.

“మొదట్లో పెద్ద పనేం చెయ్యలేదర్రా. తవుడూ నూకలూ వేరుశనగ చెక్కా కలిపి, సంచులకి చిల్లులు పొడిచి, చెరువులో కర్రలకి కట్టాను. చేపలొచ్చి మూతులతో పొడుచుకు తిన్నాయి. నెల తిరిగేసరికి ఒక్కోటీ అరకేజీ పెరిగింది.”

“మా వాళ్ళూ అలాగే కడతారులే,” అన్నాడు వలల పెద్దాయన ఆవలిస్తూ.

మేస్త్రీకి ఆ ఆవలింత చురుక్కుమంది. “అక్కడితో అయిపోతే నేనెందుకు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో నెల ఒక చేపని పట్టి కాటా మీద పెడితే ముల్లు గిర్రున తిరిగి మళ్ళీ సున్నా మీదకొచ్చింది! చేసేదిలేక దాన్ని లారీకెక్కించి, లారీతో సహా తూయించి, ఆనక లారీ బరువు తీసేశాం.”

“నా లారీయేనా గురువుగారూ?”

“నువ్వప్పటికి లాగూలు తొడుక్కుంటున్నావులే, విను. మూడో నెలకి చేపలు ఎంత బలిశాయంటే, చెరువులో చోటు చాలక నీళ్ళే గట్టెక్కి కూర్చున్నాయి! జనం చేపల వీపుల మీంచి సైకిళ్ళు తొక్కుకుంటూ అవతలికి పోయేవారు. మిల్లు సైరన్ మోగితే చాలు, అన్నీ బిలబిలా వచ్చి గేటు ముందు లైను కట్టేవి. ఒకటైతే చిటికెడు తవుడు నోట్లో వేసుకుని, ఇవాళ జల్లెడ సరిగ్గా పట్టలేదు మేస్త్రీ, అన్నట్టు తల అడ్డంగా ఊపేది!”

డ్రైవరు పగలబడి నవ్వాడు. కౌలుకు తీసుకున్నావిడ నవ్వలేదు. ముందుకు జరిగి అడిగింది.

“తడిసిన తవుడైనా ఫరవాలేదా బాబాయ్? గోడౌన్ కారిందట, నలభై బస్తాలు చవగ్గా వచ్చాయి. కాస్త ఉండలు కట్టింది, వాసనొస్తోంది. రేపు పొద్దున్నే వేసేద్దామని.”

ఆ వాసనేమిటో మేస్త్రీకి తెలుసు. అక్కడితో ఆగాల్సింది. కానీ ముగ్గురూ తన నోటి వైపే చూస్తున్నారు.

“తడిసిందా? అదృష్టవంతురాలివమ్మాయ్! తవుడు పులిసిందంటే చేపకి ఆకలి రెట్టింపవుతుంది...”

“అన్నయ్యా,” అంది చెల్లెలు. టీగిన్నె పొయ్యి మీంచి దించేసింది. “ఆ అమ్మాయికి మా చెరువు సంగతి కూడా చెప్పు.”

మేస్త్రీ గ్లాసులోకి తలొంచుకున్నాడు.

“అయితే నేనే చెప్తా. మాకూ చెరువుండేదమ్మా. అన్నయ్య పంపిన తవుడే వేశాం. ఇలాగే వాసనొచ్చేది. తడిసిందా అనడిగితే లేదు, కొత్త తవుడు వాసన అంతే అన్నాడు. మూడో రోజు తెల్లారేసరికి చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకొచ్చాయి. మధ్యాహ్నానికి చెరువంతా తెల్లటి పొట్టలే. మా ఆయన నడుంలోతు నీళ్ళలో నిలబడి రెండ్రోజులు ఏరాడు. ఆ తర్వాతే ఈ కొట్టు.”

ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని కాల్చింది. అరిచినా బాగుండేది. చేపలు చచ్చిన వారానికే ఎవరో ఆరా తీస్తే, ఆ మాట దాటెయ్యడానికి మొదలెట్టిన కథ ఇది. దాన్ని ఆమె బల్లమీదే కూర్చుని, ఆమె చేతి టీ తాగుతూ, ఆమె వింటుండగానే ఏళ్ళ తరబడి పెంచుకుంటూ వచ్చాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచలేదు.

“ఆ బస్తాలు వెయ్యకమ్మా,” అన్నాడు చివరికి, తలెత్తకుండా. “బూజు పట్టింది చేపకి విషం. గొయ్యి తీసి పూడ్చెయ్. పొడిది, కొత్తది తెచ్చుకో. సంచిలో కొంచెమే పొయ్. సాయంత్రానికి మిగిలితే మర్నాడు తగ్గించు.”

“మరి మీ చేపలు...”

“నాకు చెరువే లేదు తల్లీ. ఏనాడూ లేదు.”

డ్రైవరు నేల చూపులు చూశాడు. మేస్త్రీ పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

“అప్పటి తవుడు తడిసిందని నాకు తెలుసే. జల్లెడ పట్టింది నేనేగా. మీకు ఊరికే ఏదో సాయం చేశాననిపించుకోవాలని, ఏం కాదులే అనుకుని పంపించాను. అడిగితే అబద్ధమాడాను.”

చెల్లెలు చేతులు కొంగుకి తుడుచుకుంది.

“నాకు అనుమానముంది. ఆయనకి లేదు. ఎక్కువ మేత వేసి తన చేతుల్తో తనే చంపుకున్నానని ఇప్పటికీ కుమిలిపోతున్నాడు. ఇంట్లోనే ఉన్నాడు, వెళ్ళు.”

ఇల్లు రెండు వీధుల అవతల. మేస్త్రీ వెళ్ళేసరికి బావ గుమ్మంలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. ఇతన్ని చూసి మొహం విప్పార్చి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

“రా రా! ఇవాళ ఏం కోతలు కోస్తావు బావా?”

మేస్త్రీ కూర్చోలేదు.

“ముందు నన్ను చెప్పనియ్యి,” అన్నాడు. “తర్వాత కూర్చోమంటావో లేదో నువ్వే చెప్పు.”