ఖాళీ సూది

అదిగో, మళ్ళీ ఆ కాయితమే తీశారు! లోపల పెట్టేయండి సుమంగళమ్మగారూ. "టీకా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు" అట. వాటిల్లో సగం మా ఊళ్ళో, ఈ గిల్లేసూగూరు క్యాంపులో, పుట్టించింది నేనేనండీ. నా పురుగుమందుల కొట్లో, ఈ బల్ల మీదే.

కూర్చోండి. ఆ టీకాల ఐస్ డబ్బా నీడన పెట్టండి. అయ్యయ్యో, గుళికల బస్తా పక్కన కాదు! రేపొద్దున "వీరబాబు టీకాలో ఏదో కలిపాడు" అంటారు మావాళ్ళు.

ఏంటీ, సూది వేశాక వచ్చే జ్వరం కరోనా కాదంటారా? తెలుసండీ, పోయినసారే చెప్పారుగా. ఆ పుకారూ నాదే, అయస్కాంతం అంటుకుంటుందన్నది కూడా నేనే. మా హమాలీ జంబన్న టీకా వేయించుకుని వస్తే, మా ఆవిడ శ్యామలాదేవి గరిటె తెచ్చి వాడి భుజానికి ఆనించింది. జారి కాలి మీద పడింది. అయినా ఎవరైనా నమ్మారా? గరిటె మంచిది కాదన్నారు!

పిల్లలు పుట్టరన్నది మాత్రం నేను కాదు. అది నాగేశ్వరయ్య. ఆయనకి డెబ్భై రెండు. ఇప్పుడు పుడితే ఎవరు పెంచాలంట?

నేనన్నవాటిల్లో అసలైనది ఒక్కటే. "వరిలో దోమ కనపడ్డాక కదరా మందు కొట్టేది? పచ్చగా ఉన్న చేనుకి ఎవడైనా కొడతాడా?" అన్నాను. ఆ మాట అందరికీ భలే పట్టేసింది. వరికి ఏ తెగులొచ్చినా ఆకు పట్టుకుని నా దగ్గరికే వస్తారు కదా, నేను ఏ సీసా తీస్తే అదే తీర్థం. ఇక మనుషుల మందు గురించి చెప్తే వినరా మరి?

అప్పుడు మీరేమన్నారు? "నారు పోసేముందు విత్తనానికి మందు పట్టిస్తారు కదా, అప్పుడు తెగులు కనపడిందా?" అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నారండీ! కొట్లో అందరూ నా మొహం చూశారు. నలుగురిలో ఓడిపోవడమా? "అవి వడ్లు, మనం మనుషులం" అన్నాను. అందరూ నవ్వారు. గెలిచాను.

వారం తిరక్కుండా శక్తినగర్ వెళ్ళి, మా బావమరిది ఇంట్లో దిగి, టీకా వేయించుకున్నాను.

అలా చూడకండి! రెండోది కూడా అక్కడే. జ్వరం వస్తే కొట్టుకి తాళం వేసి, పెళ్ళికెళ్ళానని చెప్పించాను.

అప్పుడైనా నోరిప్పొచ్చు కదా అంటారా? మా పున్నయ్య బాబాయి వచ్చి ఇదే బెంచీ మీద కూర్చున్నాడు. "ఒరేయ్ వీరబాబూ, నర్సమ్మ రమ్మంటోంది, వేయించుకోనా?" అని అడిగాడు. కొట్టునిండా జనం. "నీకెందుకు బాబాయ్, ఇనపగుండు లాంటివాడివి" అన్నాను. అప్పటికి నా భుజం నొప్పి ఇంకా తగ్గలేదండీ.

నెల తిరిగేసరికి కరోనాతో ఆయన్ని రాయచూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మళ్ళీ క్యాంపుకి రాలేదు.

ఇప్పుడు మా పిన్ని లక్ష్మీతిరుపతమ్మ ఒక్కతే. షుగరు కూడా ఉంది. మీరు మూడుసార్లు వెళ్ళినా తలుపు తీయలేదు కదా? నిన్న నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? "నువ్వు చెప్పబట్టి మీ బాబాయి ఆ సూది వేయించుకోలేదు నాయనా, లేకపోతే ఇంకా ముందే పోయేవాడు" అంది. దండం పెట్టిందండీ నాకు! "నువ్వు వేయించుకున్న రోజు నేనూ వేయించుకుంటా" అంది.

అందుకే కబురు పెట్టాను. ఆవిడ ముందు నాకో ఖాళీ సూది పొడిచేయండి. మందు వద్దు, ఊరికే. నేను "అబ్బా" అంటాను, ఆవిడ చెయ్యి చాపుతుంది. ఎవరికి నష్టం చెప్పండి?

కుదరదా? ఒక్కసారికి కూడానా? నిజమే చెప్పమంటారా?

సరే, పదండి. డబ్బా నేను మోస్తాను. "పిన్నీ, నేను ఎప్పుడో వేయించుకున్నాను, చూడు, రాయిలా ఉన్నాను" అని చెప్తాను. చెయ్యి చాపుతుందేమో కూడా.

కానీ దానికి ముందు ఒకటి అడుగుతుందండీ. "మరి ఆరోజు మీ బాబాయితో ఎందుకు చెప్పలేదురా?" అని.

తీయండి ఆ కాయితం. ఆ ప్రశ్న ఉందేమో చూడండి. వెనకపక్క కూడా చూడండమ్మా.