మెత్త కింది డబ్బా

బక్కయ్య గుమ్మం ముందు మళ్ళీ ఆ మోటారుసైకిలే ఆగింది. టీబీ మందు ఎవరికెంత పనిచేస్తుందో ఊరూరా తిరిగి కనుక్కునే దవాఖాన మనిషి శ్రవణ్ కుమార్ ధరూర్ నుంచి వస్తే చాలు, బక్కయ్యకు ఒళ్ళు మండుతుంది.

“నా పెండ్లాం సచ్చిపోయిందని పోయిన నెలనే చెప్తి గద. మల్ల ఎందుకొచ్చినవ్?”

“రూతమ్మక్క ఎట్ల పోయింది, ఏ దినం పోయింది అడుగుదామని బావా.”

“బావ అనకు. నీకూ నాకూ ఏం వరుస?”

“ఆమె నాకు అక్కయితే నువ్వు బావవే గద.”

“అక్కనంట. నేను పూణెల మట్టి మోస్తుంటే నువ్వు గుడ్లు తెచ్చిస్తివి. గోళీలు మింగినవా అక్కా అని నవ్వుకుంట అడిగితివి. నేను వాపసొస్తే నాతోని రెండు మాటలు మాట్లాడదు, నువ్వొస్తే కుర్చేస్తది... ఆగు, దగ్గొస్తుంది.”

“నీళ్ళు తాగు. ఈ దగ్గు ఎప్పటి సంది?”

“బీడీ దగ్గు. ముచ్చట మార్చకు. ఒక్క మనిషి కనపడకుంటే మీకేం పరేషాన్? పేరు కొట్టెయ్యరాదు?”

“కొట్టెయ్యం బావా. కనపడనోళ్ళను సచ్చినోళ్ళల్ల కలపం, బతికినోళ్ళల్ల కలపం. ఆఖరుసారి చూసిన దినం దాకా పాణంతోని ఉన్నరు, అటెన్క తెల్వదు అని లెక్క కట్టుకుంటం. ఊరిడిచి ఎందుకు పోయిండ్రో గూడ కనుక్కోవాలె. మన దిక్కు జబ్బు బాగైనోళ్ళే పనికి పోతరు, మంచం పట్టినోళ్ళు ఊర్ల మిగులుతరు. మిగిలినోళ్ళనే చూస్తే మంచి మందు గూడ ఉత్తదే అనిపిస్తది.”

“అయితే సచ్చిందనే రాసుకో. ఖతం.”

“లేని సావు రాస్తే ఆ మందే మనిషిని సంపినట్లయితది. రేపు ఇంకొకరికి ఇయ్యనియ్యరు.”

“లేని సావు అంటవేంది?”

“నిన్న అక్కను గట్టు ఊర్ల చూసిన, ఆమె చెల్లె ఇంటికాడ. పల్లికాయ తెంపుతుంది. ఒళ్ళు చేసింది. నీ నోటితోనే ఇందామని అడిగిన.”

“నేను పోతే తలుపు తియ్యలే. నీకు తీసిందా?”

“తీసింది.”

“చాయ్ గూడ పోసిందా?”

“పోసింది బావా.”

“నాకు తెల్సు. నువ్వు ఈ గడప దిక్కు రావొద్దనే సచ్చిందన్న. మీ కథ అంత ఎరికే నాకు. నువ్విచ్చిన మూత డబ్బా పండుకునే మెత్త కింద దాసుకున్నది. బంగారం లెక్క. అడిగితే చెప్పలే. పెంటకుప్ప మీదికి ఇసిరిన. గా డబ్బా కోసమే గద ఇల్లిడిచి పోయింది?”

“గా డబ్బా కోసమే.”

“ఒప్పుకున్నవ్ సూడు.”

“అక్క గోళీల కోర్సు ఎండకాలమే అయిపోయింది. ఇయ్యాల నేనొచ్చింది ఆమె కోసం కాదు. చెప్తే నువ్వు మీదవడి కొడ్తవని భయపడి, మంచిగున్న దినం చూసి అడుగుదామని దాసింది. అది పరీక్షకు నువ్వు తెమడ ఊసే డబ్బా బావా. ఇదిగో, ఇంకోటి పంపింది.”